మొహం చానీది, కాళ్ళు డెస్మ్యూక్‌వి

కాళ్ళూ చేతులూ సలక్షణంగా ఉన్న నటుడు తెరమీద వికలాంగుడిగా కనిపించినప్పుడల్లా ఒకే పేచీ లేస్తుంది. ఆ వేషం నిజంగా వైకల్యం ఉన్న నటుడికే దక్కాలని ఒక వర్గం అంటుంది. నటన అంటేనే పరకాయ ప్రవేశం, పుట్టుకతో పనేమిటని రెండో వర్గం. వికలాంగులను తెరమీద చూపే తీరు మీద 2024 జులై 8న మన సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్ళ గురించి తీసే సినిమాల్లో వాళ్ళకూ భాగం ఉండాలని అందులో చెప్పింది. అప్పటినుంచి మన దగ్గరా ఈ వాదన పదునెక్కింది. రెండో వర్గం తన పక్షాన ఎప్పుడూ ముందు నిలబెట్టే పేరు హాలీవుడ్ మూకీల కాలపు నటుడు లాన్ చానీ. నూరేళ్ళ కిందట ఆయన ఒంటిని చిత్రహింస పెట్టుకుని అన్నీ తానే చేశాడు కదా అంటారు.

అన్నీ తానే చేశాడా అన్నదే అసలు ప్రశ్న.

1883లో కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టడం, తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటి మూగ కావడం, వాళ్ళతో చేతి సైగలతో మాట్లాడుతూ పెరగడం, ఆ సైగలే మూకీల్లో ఆయనకు పెట్టుబడి కావడం తెలిసిన కథే. ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నాటర్‌డామ్’లో చర్చి గంటల మధ్య వేలాడే గూనివాణ్ణీ, ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో ఒపేరా భవనం నేలమాళిగలోని పుర్రె మొహాన్నీ చూడనివాళ్ళు తక్కువ. ఈ వివాదానికి మాత్రం మూలం 1927లో వచ్చిన ‘ది అన్‌నోన్’. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్, నాయిక జోన్ క్రాఫర్డ్.

కథ మాడ్రిడ్‌లోని ఒక సర్కస్‌లో నడుస్తుంది. అలాంజో చేతుల్లేనివాడు, కాళ్ళతో కత్తులు విసురుతాడు. నిజానికి వాడికి రెండు చేతులూ ఉన్నాయి. ఒక చేతికి జంట బొటనవేలు ఉంది కాబట్టి, పోలీసులు గుర్తుపట్టకుండా చేతుల్ని ఒంటికి అదిమి, పైన లేసుల జాకెట్ బిగించుకుని తిరుగుతాడు. ఆ బిగింపు చానీ నిజంగానే భరించాడు. మోచేతులు మడిచి పక్కటెముకలకు అదిమి కడితే ఛాతీ విప్పారదు, ఊపిరి పైపైనే ఆడుతుంది. చొక్కా కింద ఉబ్బు కనబడకూడదంటే లేసులు ఇంకాస్త లాగాలి. ఇంతవరకూ ఘనత ఆయనదే, ఎవరూ కాదనరు.

కాళ్ళ సంగతి వేరు. కత్తి పట్టడం, సిగరెట్ వెలిగించి నోటిదాకా తీసుకెళ్ళడం లాంటి పనులు చేసిన పాదాలు చాలాచోట్ల పాల్ డెస్మ్యూక్‌వి. టెక్సస్‌కు చెందిన ఈయన చేతులు లేకుండానే పుట్టాడు. పాదాలతో వయొలిన్ వాయించేవాడు, కత్తులు విసిరేవాడు. ఇక్కడ డూప్ అంటే మనకు అలవాటైన పద్ధతి కాదు. దూరం షాట్‌లో డూప్, దగ్గర షాట్‌లో హీరో అనే లెక్క ఇక్కడ నడవదు. ఒకే ఫ్రేమ్‌లో పైన చానీ మొహమూ భుజాలూ, కింద డెస్మ్యూక్ కాళ్ళూ ఉంటాయి. ఇద్దరి మధ్య లయ కొంచెం తప్పినా గుట్టు బయటపడుతుంది. సిగరెట్ పెదవి దగ్గరికి వచ్చే క్షణానికి పైవాడు మెడ వంచాలి, పొగ వదిలే క్షణానికి కిందివాడు పాదం వెనక్కి తీయాలి. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ అగ్గిపుల్ల పట్టే నేర్పు నాలుగు రోజుల సాధనతో రాదు, చేతుల్లేని బతుకంతా చేసిన సాధన అది.

ఇందులో ఒక సీన్ ఉంది. చేతుల కట్టు విప్పేసి ఉన్నా, ఆలోచనలో మునిగిన అలాంజో అలవాటుకొద్దీ కాళ్ళతోనే సిగరెట్ వెలిగిస్తాడు. చేతులున్నాయన్న సంగతి వాడే మరిచిపోయాడని పక్కనున్న మరుగుజ్జు కోహో నవ్వుతాడు. కథలో చేతులున్నవాడు లేనట్టు నటిస్తున్నాడు, సెట్‌లో చేతుల్లేనివాడు చేతులున్నవాడి కింద దాక్కుని పని చేస్తున్నాడు. టైటిల్స్‌లో డెస్మ్యూక్ పేరు లేదు.

రెండో వర్గం దీనికి బదులుగా 1920 నాటి ‘ద పెనాల్టీ’ని చూపిస్తుంది, అందులో న్యాయం ఉంది. రెండు కాళ్ళూ తెగిపోయిన ముఠా నాయకుడి వేషం అది. పిక్కల్ని వెనక్కి మడిచి, మడమ పిరుదుకు తగిలేలా తోలు పట్టీలతో తొడకు బిగించారు. మడిచిన మోకాళ్ళను మొండి కాళ్ళలా చేసిన తోలు తొడుగుల్లో దించి, చంకల్లో కర్రలు పెట్టారు. పక్కనుంచి చూస్తే వెనకాల పాదాల ఉబ్బు తెలిసిపోతుంది కాబట్టి పొడుగు వదులు కోటు వేశారు. ఇబ్బంది ఎక్కడంటే, మడత దగ్గర రక్తం ఆడదు. కొంతసేపటికే తిమ్మిరి, తర్వాత నొప్పి. అందుకే విడతలు విడతలుగా తీయాల్సి వచ్చింది. ఒంటి బరువంతా మోకాలిచిప్పల మీదే పడుతుంది. అంత అవస్థలోనూ గోడకు కొట్టిన మేకులు పట్టుకుని చేతులతోనే పైకి పాకే షాట్ ఉంది. అది పూర్తిగా చానీయే.

ఈ ఉపాయం మనకూ తెలుసు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1989లో వచ్చిన ‘విచిత్ర సోదరులు’లో మరుగుజ్జు అప్పూగా కమల్ హాసన్ కాళ్ళు మడిచి, మోకాళ్ళకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడిగాడు. అక్కడా మెచ్చుకోళ్ళ బరువు నొప్పిని బట్టే తూచారు.

నొప్పి లెక్కల్లో స్టూడియోల ప్రచార విభాగాలు చేసిన ఎచ్చులు ఇన్నీ అన్నీ కావు. 1923లో గూనివాడి వేషానికి కట్టిన గూని 70 పౌన్లని, అంటే 32 కిలోలని చాటింపు వేశారు. తర్వాత పరిశోధించినవాళ్ళు తేల్చింది సుమారు 20 పౌన్ల ప్లాస్టర్. 1925లో ఒపేరా భూతం ముక్కు సంగతీ అంతే. తీగలతో ముక్కు పైకి లాగారని, రక్తం కారిందని కెమెరామన్ ఒకరు చెప్పారు. చేపపొరను స్పిరిట్ గమ్‌తో ముక్కు కొనకు అంటించి, పైకి లాగి నుదుటి దగ్గర అతికించి, ముక్కుపుటాల అంచుల్ని నల్లరంగుతో పెద్దవి చేశాడన్నది మేకప్ తెలిసినవాళ్ళ మాట. మన నాటకాలవాళ్ళు మీసం అంటించే స్పిరిట్ గమ్మే అది. దీపాల వేడికి చెమట పడితే ఊడివస్తుంది, అంతకుమించిన ఘోరం లేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాకు మేకప్ మీద వ్యాసం రాసిన మనిషి పనితనాన్ని రక్తం కారడంతో కొలవడం ఆయనకే చిన్నతనం.

వేషం ఎవరికి దక్కాలన్న పేచీ జాతి విషయంలోనూ ఉంది. 1927లోనే ‘మిస్టర్ వూ’ కూడా వచ్చింది. దూది, ఆరితే పొరలా గట్టిపడే కొలోడియన్ ద్రవంతో చెంప ఎముకలు పెంచి, కళ్ళ కొసలు మార్చి చానీ చైనావాడయ్యాడు. కూతురి వేషం ఫ్రెంచి నటి రెనే అడోరేకు వెళ్ళింది. చైనా సంతతికి చెందిన అన్నా మే వాంగ్ అదే సినిమాలో దాసి.

చానీ పోయాక బ్రౌనింగ్ ఈ పద్ధతిని తిరగేశాడు. 1932 నాటి ‘ఫ్రీక్స్’లో మేకప్ లేకుండా, సర్కస్‌లలో పనిచేసే అసలు మనుషుల్నే పెట్టాడు. చేతుల్లేని స్త్రీ కాలితో అన్నం తినడం అందులో ఏ కథా మెలికా కాదు, మామూలు భోజనం. ‘ది అన్‌నోన్’ తీసిన అదే ఎం.జి.ఎం. స్టూడియో దాన్ని గంటకు కాస్త ఎక్కువగా మిగిలేలా కోసేసింది. బ్రిటన్‌లో దాదాపు 30 ఏళ్ళు నిషేధించారు. చానీ మొహం కింద డెస్మ్యూక్ కాళ్ళు ఆడినప్పుడు ఈల వేసిన ప్రేక్షకులు, అలాంటి మనిషి తన మొహంతోనే వస్తే కళ్ళు మూసుకున్నారు. వైకల్యం ఉన్న నటులకు మార్కెట్ లేదని ఇప్పటి నిర్మాతలు చెప్పే మాటకు తాత ఆ ఏడే పుట్టాడు.

ఇంకో సంగతి అంతకు రెండేళ్ళ ముందుది. 1930లో చానీ ఒకే ఒక్క టాకీ చేశాడు. అందులో ముసలమ్మ, చిలుక, మాట్లాడే బొమ్మ సహా ఐదు గొంతులు పలికాడు. అవన్నీ తనవేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చాడు, స్టూడియో దాన్ని ప్రచారానికి వాడుకుంది. ఆ ఆగస్టు 26న పోయాడు. గొంతు ఎవరిదో ప్రేక్షకుడికి చెప్పి తీరాలని అనిపించిన స్టూడియోకి, కాళ్ళు ఎవరివో చెప్పాలని మూడేళ్ళ ముందు అనిపించలేదు.

‘ది అన్‌నోన్’ చాలాకాలం అసంపూర్తిగానే దొరికింది. 2022లో జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం సుమారు 10 నిమిషాల భాగాన్ని తిరిగి చేర్చింది. చానీ పేరెత్తి వాదించేవాళ్ళు సిగరెట్ సీన్ దగ్గర ఆపి, ఒకసారి మొహం వదిలేసి, అగ్గిపుల్ల గీసే ఆ పాదం మడమ కదలికను మాత్రమే చూడాలి.