కోఠి రెసిడెన్సీ, దొర బంగళాలు: అపోహలు, వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఆ మాట చెప్పగానే జనం మొదట అడిగేది దెయ్యాల గురించి, తర్వాత గుప్త నిధుల గురించి. సున్నం గురించి అడిగేవాళ్లు ఎక్కడో ఒకరు. పాతికేళ్లుగా విన్నవాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. అందరికీ తెలిసిన కట్టడమైతే బాగుంటుందని ఎక్కువగా హైదరాబాద్ కోఠి రెసిడెన్సీనే చూపిస్తాను. అదే, ఒకప్పుడు నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంట్) ఉన్న ఇల్లు, మన ఉమెన్స్ కాలేజీ (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) పాత భవనం.

అపోహ: అది అమెరికా వైట్‌హౌస్‌కి నకలు.

ఎత్తైన మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు, ఆరు భారీ స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగం. చూడగానే ఎవరికైనా వైట్‌హౌసే గుర్తొస్తుంది. పైగా వైట్‌హౌస్‌కి 1792లో పునాది వేశారు, రెసిడెన్సీ పని మొదలైంది 1803 ప్రాంతంలో. దాంతో కాపీ కొట్టారని తేల్చేస్తారు. అసలు సంగతేమిటంటే ఈ రెండింటికీ తాత ఒక్కడే. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిని ఇంగ్లండ్, ఐర్లండ్ జమీందార్లు తమ ఇళ్లకు తెచ్చుకున్నారు. వైట్‌హౌస్‌కి డబ్లిన్‌లోని లీన్‌స్టర్ హౌస్ నమూనా అయింది. కలకత్తా గవర్నమెంట్ హౌస్‌కి ఇంగ్లండ్‌లోని కెడిల్‌స్టన్ హాల్ నమూనా అయింది. మన రెసిడెన్సీని గీసిన మద్రాస్ ఇంజనీర్స్ (కంపెనీ సైన్యపు ఇంజనీర్ల దళం) లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ చదువుకున్న పాఠమూ అదే. ఒకే ఇంటి పిల్లల ముక్కులు ఒకేలా ఉంటే కాపీ అనం కదా.

అపోహ: తెల్లదొర తన బీబీ కోసం కట్టించిన ప్రేమ మహల్.

గైడ్లు బాగా అమ్ముకునే కథ ఇది. రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ ప్రముఖుల ఇంటి పిల్ల ఖైరున్నిసాను పెళ్లాడిన మాట నిజం. కానీ ఈ పెద్ద భవనం ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఉండే ఇల్లు, ఆఫీసు, దర్బారు. నిజాం కొలువులో కంపెనీ దర్పం చూపించడానికి కట్టింది. ఆమె కోసం కట్టించింది తోటలోని రంగ్ మహల్. అది మొఘల్ పద్ధతి జనానా, అంటే ఆడవాళ్ల నివాసం. దాన్ని 19వ శతాబ్దంలోనే పడగొట్టేశారు. ఆవరణలో రెసిడెన్సీకే ఒక బుల్లి నమూనా ఉంది. పరదాలో ఉండే బేగం ముందువైపు చూడలేదు కాబట్టి ఆమె కోసం చేయించాడని ఒక కథ, పిల్లల బొమ్మరిల్లని ఇంకో కథ. కథ ఏదైనా నమూనా మాత్రం చూడదగ్గది. ఇంకో మాట. కిర్క్‌పాట్రిక్ ఇందులో హాయిగా ఏళ్ల తరబడి ఏలిందేమీ లేదు. 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు.

అపోహ: ఇంగ్లీషువాళ్ల డబ్బు, ఇంగ్లీషువాళ్ల పనితనం.

ఖర్చు నిజాం ఖజానాది. స్థలం అడగడానికి కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి తీసుకెళితే రెండో నిజాం అలీఖాన్ కాదన్నాడట. అంత పెద్ద పటం చూసి రాజ్యంలో సగం అడుగుతున్నారనుకున్నాడని మంత్రి మీర్ ఆలం సర్దిచెబితే, అదే ప్లాన్‌ని చిన్న కార్డు మీద గీసి తెచ్చి ఒప్పించుకున్నారని ఒక ముచ్చట ఉంది. ఇక చేతిపని సంగతి. గీత రస్సెల్‌ది, తాపీ మనవాళ్లది. అలాంటి స్తంభాలను దూరం నుంచి చూసి పాలరాయి అనుకుంటారు. దగ్గరికెళ్లి చేయి వేసి చూడండి, అది నున్నగా మెరుగుపెట్టిన సున్నపు గచ్చు. ఆ మెరుగు మన దక్షిణాది మేస్త్రీల విద్య.

అపోహ: సున్నం బలహీనం. సిమెంట్ పూస్తే నూరేళ్లు ఢోకా లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ కట్టడాలను చంపింది ఈ నమ్మకమే. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

పాత గోడ ఇటుక, డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టింది. ఆ ఇటుక మెత్తన, సున్నమూ మెత్తన. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, మళ్లీ సున్నంలోంచి ఆవిరై బయటికి పోతుంది. మేం గోడ ఊపిరి తీసుకుంటోంది అనేది దీన్నే. దాని మీద సిమెంట్ పూస్తే ముక్కూ నోరూ మూసినట్టే. తడి లోపలే ఉండిపోతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు ప్లాస్టర్ వెనక పలుకులు కట్టి ఇటుకను పొడి చేస్తుంది. చవుడు పట్టడం అంటాం కదా, పాత గోడల్లో అది లోలోపల జరుగుతుంది. బయటికేమో గోడ కొత్తగా, గట్టిగా కనిపిస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో గోదావరి ఒడ్డున ఒక పాత దొర బంగళా వరండాకి సిమెంట్ ప్లాస్టర్ దగ్గరుండి చేయించాను. యజమాని మెచ్చుకుని భోజనం కూడా పెట్టాడు. మూడో వానాకాలం తర్వాత పిలిపించాడు. గోడ నడుం ఎత్తులో ఉబ్బి ఉంది. వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం. ఉలి మొన పెట్టగానే తలుపంత పలక ఊడి కాళ్ల దగ్గర పడింది. వెనక ఇటుకను బొటనవేలితో రాస్తే కుంకుమలా రాలింది. నూట యాభై ఏళ్లు నిలిచిన ఇటుక నా చేతిలో మూడేళ్లకు పోయింది. మా ముసలి మేస్త్రీ ఏమీ అనలేదు, ఆ పొడి గుప్పిట్లోకి తీసుకుని నాకు చూపించాడంతే.

సున్నం నెమ్మది. కాల్చిన సున్నపురాయికి నీళ్లు పోస్తే బుసబుస ఉడుకుతుంది. ఇసుకతో కలిపి గానుగలో తిప్పి గోడకెక్కించాక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ నెలలు, ఏళ్ల పాటు గట్టిపడుతూ మళ్లీ రాయిగా మారుతుంది. వెంట్రుకవాసి పగుళ్లను తడి తగిలినప్పుడు తనే పూడ్చుకుంటుంది కూడా. కాంట్రాక్టరుకి మాత్రం బిల్లు మార్చిలోపు కావాలి. సున్నానికి ఆ క్యాలెండర్ తెలియదు.

గుడ్లు, బెల్లం, కరక్కాయల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి వాడిన మాట నిజమే, ఇప్పుడూ వాడతాం. కానీ రహస్యమంతా అందులోనే ఉందనుకోకండి. సున్నం సరిగా మాగకపోతే ఎన్ని గుడ్లు కొట్టినా అది ఆమ్లెట్టే.

అపోహ: గోడ మీద రావి మొక్క మొలిస్తే వెంటనే పీకేయాలి.

జానెడు మొక్కయితే పీకండి. చేతి మందం వేరు దిగాక లాగితే వేరుతోపాటు గోడా వస్తుంది. అప్పటికి ఇటుకల మధ్య పట్టు ఆ వేరుదే అయి ఉంటుంది. మొదలు దగ్గర కోసి, మోడుకి మందు పెట్టి, వేరు చచ్చాక గోడను కొద్దికొద్దిగా విప్పి తీసి, ఖాళీలో పల్చటి సున్నం పోసి నింపాలి. యాసిడ్ పోస్తారు కొందరు. యాసిడ్ చెట్టు కంటే ముందు సున్నాన్ని తింటుంది.

అపోహ: పాడుబడ్డ బంగళాలో దెయ్యాలు, నేల కింద నిధులు.

ఒక చోట రాత్రి కాపలా మనిషి మూడు రోజులకే పని మానేశాడు. "పైన ఎవరో ఆడమనిషి బుసలు కొడుతోందయ్యా" అన్నాడు. టార్చి పట్టుకుని అటక ఎక్కితే నాలుగు తెల్ల గుడ్లగూబ పిల్లలు. నన్ను చూసి అవే బుసలు, ఇంకా గట్టిగా. పగలంతా ఎండకి కాగిన టేకు దూలాలు రాత్రి చల్లబడేటప్పుడు టకటకమంటాయి. అది అడుగుల చప్పుడు.

నిధుల పిచ్చి ఇంత సరదా వ్యవహారం కాదు. గోడలు అంత మందం ఎందుకు, లోపల ఏదో దాచారని తవ్వుతారు. మందం ఎందుకంటే పైకప్పు బరువు మోయడానికి, ఎండను ఆపడానికి. పునాది పక్కన తవ్విన గోతిలో వాన నీళ్లు నిలిచి గోడ ఒరిగిన బంగళాలు నేను చూశాను. దొరికింది మాత్రం పగిలిన పింగాణీ, సీసా మూతలు.

అపోహ: పగుళ్లిచ్చింది, ఇక కూల్చడమే.

పగులు ఉందా అని కాదు, కదులుతోందా అని అడగాలి. దానికి మేం చేసేది చాలా చిన్న పని. పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు కొసలా అతికించి, పక్కన తేదీ రాస్తాం. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. ఒక స్కూలు భవనం ప్రమాదకరమని రిపోర్టు ఇచ్చేశారు. మేం పెట్టిన పదకొండు గాజుల్లో వానాకాలం గడిచాక విరిగింది ఒక్కటి. అక్కడ చూస్తే పైన తూము మూసుకుపోయి, నీరంతా ఆ మూల గోడలోకే దిగుతోంది. మిగతా పగుళ్లు ఎప్పటివో, కట్టిన కొత్తలో నేల సర్దుకున్నప్పటివి.

హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్ అనే పాత మహల్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అంతటితో కథ సుఖాంతం అనుకోకండి. కోర్టు కూల్చివేత ఆపగలదు, పైకప్పు కారడం ఆపలేదు.

అపోహ: హెరిటేజ్ అంటే తాళం వేసి కాపాడాలి.

తాళం వేసిన ఇల్లే ముందు పోతుంది. రెసిడెన్సీలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ రావడం వల్లే అది ఇన్నేళ్లు మనుషుల కళ్ల ముందు ఉంది. అలాగని అంతా బాగుందని చెప్పను. గదులు వాడినంత బాగా పైకప్పును ఎవరూ పట్టించుకోలేదు. భాగాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాక గానీ బయటి లోకం చూపు పడలేదు. మరమ్మతులు జరిగింది ఆ తర్వాతే.

మీ ఊళ్లో ఇలాంటి బంగళా ఉండి, ఏం చేయాలో తెలియక, నిధులు లేక టెన్షన్ పడుతుంటే మొదట చేయాల్సింది ఖర్చులేని పని. మే నెలాఖరులో ఒక మనిషిని జాగ్రత్తగా పైకెక్కించి ఆకులు, పావురాల గూళ్లు తీయించి, తూముల్లో ఒక్కో బకెట్ నీళ్లు పోయించండి. పోసిన నీళ్లు కింద ఎక్కడ బయటికొచ్చాయో చూడండి. తూములోంచి రాకపోతే గోడలోకి వెళ్లినట్టే. ఆ మూలకి చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఆ తర్వాత మాలాంటి వాళ్లకి ఫోన్ చేయండి.