దుబాసీ నుంచి రైబోజోమ్ దాకా

అనువాదం అంటే ఇప్పుడు మనకి సాహిత్యం పని. కానీ ఆ పని చేసే మనిషికి రకరకాల భాషల్లో ఉన్న పేర్లు తవ్వుకుంటూ పోతే సాహిత్యం చాలా ఆలస్యంగా తగులుతుంది, ముందు తగిలేది బేరం.

మన దుబాసీనే తీసుకోండి. ద్విభాషి అన్న మాటే జనం నోట్లో నలిగి దుబాసీ అయింది. 17వ శతాబ్దంలో భీమిలిలో డచ్చివాళ్ళు, విశాఖలో ఇంగ్లీషువాళ్ళు కొట్లు తెరిచి ఇక్కడి నేతబట్టలు కొనేటప్పుడు దొరకి తెలుగు రాదు, నేతగాడికి దొర భాష రాదు, ఇద్దరి మధ్యా నిలబడి ధర మాట్లాడి, అడ్వాన్సు ఇప్పించి, పనిలో పనిగా తన వాటా చూసుకునేవాడు ఒకడు కావాలి కదా, వాడే దుబాసీ. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర ఈ పని చేసిన ఆనందరంగ పిళ్ళై 1736లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి తమిళంలో రాసుకున్న డైరీలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో సరుకులూ బాకీలూ రాజకీయాలూ అన్నీ కలగలిసే ఉంటాయి. ముంబయిలో ఇంకా తమాషా. అక్కడ ఓడలకి సామాన్లు సప్లై చేసేవాణ్ణి దుబాష్ అన్నారు, పార్సీల్లో అది ఇంటిపేరు కూడా అయింది. భాష జారిపోయి వ్యాపారం ఒక్కటీ మిగిలిందన్నమాట.

లాటిన్‌లోనూ ఇంతే. ఇంటర్‌ప్రెటర్‌కి మూలమైన ‘ఇంటర్‌ప్రెస్’ అంటే మధ్యవర్తి, దళారి.

అన్నిటికంటే ఎక్కువ దూరం నడిచొచ్చింది మాత్రం తర్జుమా. ఇప్పటి టర్కీలోని కుల్‌తెపె అనే చోట దాదాపు 4,000 ఏళ్ళ కిందట అస్సిరియా వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు తెచ్చి అమ్మి వెండీ బంగారం పట్టుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ లెక్కలూ ఉత్తరాలూ మట్టి పలకల మీద వేల సంఖ్యలో దొరికాయి, వాటిలోనే దుబాసీకి ‘తర్గుమన్నుమ్’ అన్న మాట ఉంది. అరబ్బీలో తర్జుమాన్, టర్కీలో తెర్జుమాన్, ఇంగ్లీషులో డ్రాగొమన్ (డ్రాగన్‌తో చుట్టరికం ఏమీ లేదు), ఉర్దూ మీదుగా మన తర్జుమా, అన్నీ ఆ కుటుంబమే.

ఇదంతా పాత సంగతి అనుకుంటే పూజా సెలవుల్లో ఆర్కే బీచ్‌కి వెళ్ళి ముంత మసాలా బండి దగ్గర కాసేపు నిలబడండి. బెంగాలీ టూరిస్టు ఒకావిడ ‘ఝాల్ కొమ్’ అంటుంది, కారం డబ్బా మీదకి వెళ్ళబోయిన చెయ్యి ఆగిపోతుంది, ‘చొల్లిశ్ టాకా’ (నలభై రూపాయలు) అంటాడు బండాయన, అదే ఊపులో పక్కనున్న కుర్రాడితో ‘ఉల్లిపాయలు గట్టిగా వెయ్రా’ అంటాడు. ఆయనకొచ్చిన బెంగాలీ అంతా అంకెలూ రుచులే. కుల్‌తెపె దుబాసీ కూడా అంతకంటే పెద్ద చదువుతో మొదలుపెట్టి ఉంటాడని నాకైతే అనిపించదు.

ట్రాన్స్‌లేటర్ దారి కొంచెం వేరు. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ రెండూ ఒకే లాటిన్ క్రియకి రెండు రూపాలు, అటునుంచి ఇటు మోసుకురావడం అని అర్థం. ఇంగ్లీషు చర్చి భాషలో బిషప్‌కి బదిలీ అయితే దాన్ని ట్రాన్స్‌లేషన్ అనే అంటారు. ఫిజిక్సులో స్థానాంతర చలనానికీ అదే పేరు.

మన ‘అనువాదం’ అయితే మొదట్లో వేరే భాష ఊసే లేని మాట. న్యాయ (అంటే తర్క), వ్యాకరణ శాస్త్రాల్లో, ముందే చెప్పినదాన్ని మళ్ళీ చెప్పడాన్ని అలా అనేవాళ్ళు. భారతాన్ని తెనిగించమని రాజరాజు అడిగినప్పుడు కూడా నన్నయ వాడిన మాట ‘తెనుగున రచియింపుము’.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకి అనువాదం ఇంకోచోట తగిలి ఉంటుంది. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారైతే అనులేఖనం, ఎందుకంటే లిపి దాదాపు అదే, కాపీ రాసుకోవడమే. ఆర్ఎన్ఏని చదివి ప్రోటీన్ కడితే అనువాదం. ఇటు 4 అక్షరాలు, అటు ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి 20 అమైనో ఆమ్లాలు, రెండిటికీ ఆకారంలో పోలికే లేదు. మధ్యలో రెండిటినీ కలిపే అణువు ఒకటి ఉండి తీరాలని 1955లో ఫ్రాన్సిస్ క్రిక్ ఊహించాడు, కొన్నాళ్ళకే టీఆర్ఎన్ఏ బయటపడింది. దానికి ఒక కొసన అమైనో ఆమ్లం, ఇంకో కొసన ఆర్ఎన్ఏతో జత కుదిరే మూడక్షరాలు. ఏ టీఆర్ఎన్ఏకి ఏ ఆమ్లం తగిలించాలో తెలిసిన ఎంజైములు మళ్ళీ వేరే ఉంటాయి. నా లెక్కలో అసలు దుబాసీలు అవే.

మరి దుబాసీ తప్పు చెప్తే? 1962లో దీన్ని నేరుగా పరీక్షించారు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తగిలించి ఉన్న టీఆర్ఎన్ఏని తీసుకుని, ఆ సిస్టీన్‌ని ఉన్నచోటే రసాయనంతో అలనైన్ అనే ఇంకో ఆమ్లంగా మార్చేశారు. ప్రోటీన్ కట్టే రైబోజోమ్, తెలుగు రాని దొరలాగే, ఏమీ పసిగట్టలేదు. అది చూసుకునేది మూడక్షరాలు సరిపోయాయా లేదా అన్నదే, అందుకే సిస్టీన్ రావాల్సిన చోట అలనైన్ వచ్చి కూర్చుంది. కాబట్టి తప్పు పట్టే బాధ్యత చాలావరకు ఎంజైముల మీదే పడుతుంది. ఐసోల్యూసిన్‌కీ వాలైన్‌కీ తేడా ఒక్క కార్బన్, దాని రెండు హైడ్రోజన్లు మాత్రమే, అందుకని ఐసోల్యూసిన్ ఎంజైము పొరపాటున వాలైన్‌ని పట్టుకుంటే దాన్ని పీకి అవతల పారేసే ఏర్పాటు కూడా దానిలోనే ఉంటుంది.