వచ్చే వారానికి అంతా మామూలే

1967 సెప్టెంబర్ 29న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్ వేసిన 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష సీరీస్ ఎపిసోడ్‌లో ఒక యంత్రం లెఫ్టినెంట్ ఉహురా బుర్రలో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఉహురా ఆ కథ నడిచే అంతరిక్ష నౌకలో కమ్యూనికేషన్స్ ఆఫీసరు. చదువు, ఉద్యోగం, అక్షరాలు అన్నీ పోతాయి. కాసేపటికి ఆమె ఆస్పత్రి గదిలో కూర్చుని, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ చదువుతుంటుంది. కుక్క దగ్గర బంతి ఉంది. బంతి రంగు... 'బ్లూ' దగ్గర నాలుక తిరగదు. విసుగొచ్చి స్వాహిలిలో ఏదో గొణుగుతుంది. పక్కనున్న నర్సు చాపెల్ వెంటనే ఆపుతుంది. స్వాహిలి వద్దు, ఇంగ్లీషులో చెప్పమంటుంది.

ఎపిసోడ్ చివర్లో డాక్టరు వచ్చి, ఆమె అప్పుడే కాలేజీ స్థాయికి వచ్చేసిందనీ, వారంలోపు డ్యూటీలో చేరుతుందనీ చెబుతాడు. అన్నట్టే అక్టోబర్ 6న వచ్చిన తర్వాతి ఎపిసోడ్‌లో ఆమె కెప్టెన్‌తో కలిసి ప్రమాదకరమైన పని మీద దిగుతుంది. పోయిన వారం ఏం జరిగిందో ఆమె అనదు, ఇంకెవరూ అడగరు.

విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనకోడలు రాసిన కథ ఆ ఆస్పత్రి గదిలో మొదలవుతుంది. చాపెల్ లైటు తీసేసి వెళ్ళిపోయాక, చీకట్లో ఉహురా స్వాహిలిలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకుంటుంది. అంకెలు ఉన్నాయి, అవి నేర్పిన మనిషి ముఖం గుర్తురాదు. కథంతా ఆ ఒక్క రాత్రే. తను చదివిన స్కూల్లో తెలుగులో మాట్లాడితే పది రూపాయలు ఫైన్ వేసేవారు. ఆ సంగతి కథలో ఎక్కడా లేదు, కానీ నేను రెండో పేజీలోనే పట్టేశాను.

మా బావకి మాత్రం ఇది నచ్చలేదు. "ఎవరో పుట్టించిన మనుషుల్ని తెచ్చుకోవడమెందుకు? సొంత కథ రాసుకోవచ్చుగా?" అన్నాడు. అభిమానులు తమకి నచ్చిన సీరీస్ పాత్రలతో రాసుకునే ఇలాంటి కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో అమెరికన్ టీవీ లెక్క వేరు. ఒక సీరీస్ ఆగిపోయాక దాని ఎపిసోడ్లను ఊరూరా ఉన్న స్టేషన్లు కొనుక్కుని, తమకి వీలైన వరసలో వేసుకునేవి. అలా వేసుకోవాలంటే ప్రతి ఎపిసోడ్ దానికదే పూర్తయిపోవాలి. ఈ వారం తగిలిన దెబ్బ వచ్చే వారానికి కనిపించకూడదు. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచి 1969లో ఆగిపోయిన స్టార్ ట్రెక్‌కి తర్వాత అంత పేరొచ్చింది ఇలా మళ్ళీ మళ్ళీ వేయడం వల్లే. అందులో ఎవరి దుఃఖమూ వారం దాటకపోవడానికీ కారణం అదే. మన డైలీ సీరియళ్ళు దీనికి పూర్తిగా ఉల్టా. ఒక చెంపదెబ్బ తగిలితే దాని చప్పుడు మూడు వారాలు వినిపిస్తుంది. మా అక్క రెండూ చూస్తుంది, మన సీరియళ్ళే నిజాయితీగా ఉంటాయంటుంది. ఒప్పుకోను గానీ, ఆ మాటలో ఎంతో కొంత పస ఉంది.

అన్నిటికన్నా నన్ను పట్టి పీడించేది కెప్టెన్ కిర్క్ అన్నగారి సంగతి. 1967 ఏప్రిల్ 13న వచ్చిన మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో కిర్క్ అన్న శామ్, వదిన ఇద్దరూ చనిపోతారు. పీటర్ అనే కొడుకు ఒక్కడు మిగులుతాడు. పిల్లాడు బతికాడని మనకి తెలుస్తుంది, అంతే. ఆ సీరీస్‌లో వాడు మళ్ళీ కనిపించడు. అసలు అంతకు ముందు అక్టోబర్లో వచ్చిన ఎపిసోడ్‌లో శామ్‌కి ముగ్గురు కొడుకులని చెప్పారు. మిగతా ఇద్దరూ ఏమయ్యారు? తల్లీ తండ్రీ పోయిన పిల్లాడు ఎవరింట్లో పెరిగాడు, బాబాయి కనీసం ఉత్తరమైనా రాశాడా? మన ఊళ్ళో అయితే పదో రోజు దాటకముందే పది మంది అడిగే ప్రశ్నలివి. ఆ ఓడలో నాలుగు వందల మందికి పైగా ఉంటారు, ఒక్కరూ అడగలేదు.

ఆడవాళ్ళ విషయం ఇంకో దారి. స్టార్ ట్రెక్ మొదటి పైలట్‌లో, అంటే చానెల్‌కి చూపించడానికి ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్‌లో, కెప్టెన్ తర్వాతి స్థానం ఒక మహిళది. రెండో పైలట్ నాటికి ఆ పాత్ర లేదు. ఆ వేషం వేసిన మాజెల్ బారెట్ తర్వాత నర్సు చాపెల్‌గా తిరిగొచ్చింది. చాపెల్ శాస్త్ర పరిశోధన చేస్తూ, తప్పిపోయిన కాబోయే భర్తని వెతకడానికి ఆ పని మానుకుని ఓడెక్కిన మనిషి. తీరా అతను దొరికి, పోయాక సీరీస్ ఆమెకి మిగిల్చిందల్లా ట్రేలు అందించడం, మనిషి తల్లికీ, భావాలు బయటపెట్టని గ్రహాంతర జాతి తండ్రికీ పుట్టిన ఆఫీసరు స్పాక్ వైపు బేలగా చూడడం. ఉహురా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే, నల్లజాతి మనిషిని టీవీ అలా చూపించడం ఎంత పెద్ద విషయమో చెప్పి ఆపింది మార్టిన్ లూథర్ కింగ్. అంత పెద్ద విషయమైన పాత్రకి ఇంటిపేరే తప్ప పేరు లేదు. న్యోటా అన్న పేరు 1982లో ఒక పుస్తకంలో వచ్చింది, తెర మీద వినపడింది 2009 సినిమాలో. 1969 జూన్ 3న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో అయితే, స్టార్‌షిప్ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్ళకి చోటు లేదని ఒక పాత్ర చేత అనిపించేశారు. భవిష్యత్తు గురించి చెప్పే కథ అది!

ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ఈ సీరీస్ వచ్చేది. గుంటూరు బ్రాడీపేటలో మా వీధికంతా ఉన్న ఒక్క టీవీ ముందు నేనూ కూర్చున్నాను. మా నాయనమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. స్పాక్ చెవుల గురించి అందరూ మాట్లాడుకుంటుంటే ఆవిడ ఉహురా చెవి వైపు చూసి, "ఒక చెవికే దుద్దు పెట్టుకుందేం, రెండోది పోయిందా?" అంది. అది దుద్దు కాదు, మాటలు వినే పరికరమని చెప్పాం. "ఇంతసేపూ విన్నది కదా, మరి తన మాట ఎప్పుడు చెబుతుంది?" అంది. అందరం నవ్వేశాం.

అదే ప్రశ్న అమెరికాలో కొంతమంది ఆడవాళ్ళు అప్పటికి ఇరవయ్యేళ్ళ కిందటే వేసుకుని, పనిలోకి దిగిపోయారు. 1967 సెప్టెంబర్లో డెవ్రా లాంగ్సమ్, షెర్నా కొమర్‌ఫోర్డ్ అనే ఇద్దరు 'స్పాకనేలియా' అనే పత్రిక మొదలుపెట్టారు. స్టార్ ట్రెక్ అభిమానులు వేసిన పత్రికల్లో మొదటిదని దానికే పేరు. టైపు కొట్టడం, కాపీలు తీయడం, పేజీలు పేర్చి పిన్ను కొట్టి పోస్టు చేయడం, ఇవన్నీ అభిమానుల చేతి పనే. సైక్లోస్టైల్ సిరా చేతికి అంటించుకున్న పాతతరం విజయవాడ వాళ్ళకి ఈ తరహా పత్రిక ఎలా తయారవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఖర్చులు గిట్టుబాటైతే చాలని అమ్ముకున్న ఇలాంటి పత్రికలు డెబ్బైల్లో పుట్టగొడుగుల్లా వచ్చాయి. రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

వాళ్ళు రాసింది ఎక్కువగా ఆ 'తర్వాత' గురించే. దెబ్బ తగిలాక ఆ రాత్రి ఎవరు పక్కన కూర్చున్నారు? స్పాక్ తల్లి అంత కోపం తెలియని ఇంట్లో ఎలా కాపురం చేసింది? 1974లో ఒక ఆస్ట్రేలియా రచయిత్రి కిర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమని, ఇద్దరి పేర్లూ చెప్పకుండా, రెండు పేజీల్లో రాసింది. ఆనాటి టీవీ ఆ వైపు తొంగి చూసే ప్రశ్నే లేదు. ఎనభైల్లో జేన్ లాండ్ అనే రచయిత్రి చాపెల్‌ని తీసుకుంది. 'కిస్టా', 'డిమీటర్' అని రెండు నవలలు. చాపెల్‌కి లేని తెలివితక్కువతనాన్ని సీరీస్ అంటగట్టిందనీ, దాన్నుంచి ఆమెని కాపాడడానికే రాశాననీ ఆమె చెప్పుకుంది. రెండో నవలలో చాపెల్, ఉహురాలే బృందానికి పెద్దలు. ఒకరికొకరు స్నేహితులు, పనిలో చాకులు.

దీన్నంతా పూలబాటలా చెప్పడం నాకిష్టం లేదు. 1973లో పౌలా స్మిత్ ఒక చిన్న పేరడీ రాసింది. పదిహేనున్నరేళ్ళ లెఫ్టినెంట్ మేరీ స్యూ ఓడెక్కగానే అందరూ ఆమెకి దాసోహమంటారు, ఆమె ఓడనంతా కాపాడి చనిపోతుంది, అందరూ ఏడుస్తారు. సరదాగా ఉంటుంది. కానీ ఆ పేరు ఒక కర్రలా మారింది. కాస్త తెలివైన ఆడపాత్రని ఎవరు రాసినా "మేరీ స్యూ" అని వెక్కిరించడం మొదలై, చాలామంది ఆడపాత్రల జోలికే వెళ్ళడం మానేశారు. అలా ఫ్యాన్ ఫిక్షన్ కూడా కిర్క్, స్పాక్‌ల చుట్టూనే ఎక్కువ తిరిగింది. సీరీస్‌లో చోటు దక్కని ఉహురాకి అభిమానుల దగ్గరా వాటా తక్కువే. మా మేనకోడలు కథ రాయడానికి అది కూడా ఒక కారణమట.

ఈ కథలు నా చేతికి మొదట వచ్చింది విజయవాడ లెనిన్ సెంటర్‌లో. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిపోయిన పేపర్‌బ్యాక్ ఒకటి పదిహేను రూపాయలకి కొన్నాను. 1976లో అచ్చయిన 'స్టార్ ట్రెక్: ది న్యూ వాయేజెస్' అది. మామూలు నవలే అనుకున్నాను. ముందుమాట చదివితే, ఇవి అభిమానులు రాసుకున్న కథలనీ, ఆ ముందుమాట రాసింది సీరీస్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీయేననీ తెలిసి తెల్లబోయాను. నటులు కూడా తలా ఒక కథకి పరిచయం రాశారు. సొంతదారే పిలిచి పీట వేశాడన్నమాట. అందరూ అలా లేరు. 1981లో 'స్టార్ వార్స్' కంపెనీ అభిమాన పత్రికలకి హెచ్చరిక ఉత్తరాలు పంపింది. 2016లో స్టార్ ట్రెక్ హక్కులున్నవాళ్ళే, అభిమానులు తీసే సినిమాలో ఒక కథ పావుగంట దాటకూడదని నియమం పెట్టారు.

మా బావకి నేను చెప్పిన జవాబు వీటిలో దేన్నుంచీ కాదు. మా నాయనమ్మ మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్ళేరుతూ పాడే 'ఊర్మిళాదేవి నిద్ర' పాట గుర్తుచేశాను. లక్ష్మణుడు అడవికి బయల్దేరేటప్పుడు వాల్మీకి ఊర్మిళ ఊసే ఎత్తడు. పద్నాలుగేళ్ళు ఆమె ఏం చేసిందో చెప్పడు. తెలుగు ఆడవాళ్ళు చెప్పారు: నిద్రపోయింది. లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే పోల్చుకోలేక, పరాయి మగాడనుకుని నిలదీసింది. కావ్యంలో కనిపించని మనిషికి కోపం, ఇల్లు, నోరు వచ్చాయి. ఈ పాటల మీద వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు వ్యాసం 1991లో అచ్చయింది. స్టార్ ట్రెక్ అభిమానుల రాతల మీద హెన్రీ జెన్కిన్స్ పుస్తకం 1992లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే ఇంటి రెండు గదుల్లా ఉంటాయి.

ఇక్కడ ఈ పనికి కొదవేం లేదు. తెనాలిలో స్థిరపడ్డ త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబూకుడి వైపు నుంచి నాటకం రాశారు. గుంటూరులో పుట్టిన ఓల్గా 'విముక్త'లో సీతని శూర్పణఖ దగ్గరికి పంపించారు, ఊర్మిళతోనూ మాట్లాడించారు. ఆ పుస్తకానికి 2015 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 'మాయాబజార్' శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు. మా బావ ఆ సినిమా ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క తెలియదు.

పురాణం ఎవరి సొత్తూ కాదు, సీరీస్‌కి కంపెనీ ఉంది కదా అని ఆయన అన్నాడు. ఆ తేడా నిజమే. అందుకే వీళ్ళు డబ్బు తీసుకోకుండా రాస్తారు. 2009లో అందరికీ తెరుచుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే కథల భాండాగారాన్ని లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ వాళ్ళు గొప్పగా చెప్పుకునే హ్యూగో అవార్డు ఇచ్చారు. స్టార్ ట్రెక్ ఒక్కటే కాదు, 1981లో నాయకుడితో సహా దాదాపు అందర్నీ కాల్చేసి ముగిసిన బ్రిటిష్ సీరీస్ 'బ్లేక్స్ సెవెన్'కి ఆ కాల్పుల తర్వాత ఏమైందో రాసిన కథలు లెక్కలేనన్ని. అమెరికన్ అంతరిక్ష సీరీస్ 'ఫైర్‌ఫ్లై'లో అందరూ చైనా భాషలో తిట్టుకుంటారు, ముఖ్యపాత్రల్లో చైనా మనిషి ఒక్కరూ లేరు. దాని మీదా రాశారు. మా మేనకోడలి స్నేహితురాళ్ళు 'ఆర్ఆర్ఆర్' మీద రాస్తారు, అది నేను చదవకుండా దాచుకుంటారు.

2022లో మొదలైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' సీరీస్‌లో స్టార్ ట్రెక్ తనే వెనక్కి తిరిగింది. కిర్క్ కెప్టెన్ కాకముందు రోజులవి. అందులో చాపెల్‌కి పరిశోధన ఉంది, ఎదురు మాట్లాడే నోరుంది. ఉహురా ఎన్నో భాషలు తెలిసిన క్యాడెట్. మొదటి పైలట్‌లో ఉండి మాయమైన ఆ రెండో స్థానపు ఆఫీసరు మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. అభిమానుల కథలు చదివే ఇవన్నీ పెట్టారని నేను అనను. కానీ ఖాళీలు ఎక్కడున్నాయో అర్ధశతాబ్దంగా వాళ్ళు వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నారు. ఆ ఓడలో శామ్ కిర్క్ కూడా ఉద్యోగం చేస్తున్నాడు. అతను నవ్వినప్పుడల్లా నాకు పీటర్ గుర్తొస్తాడు.

పోయిన ఆదివారం పటమటలో వాళ్ళింటికి వెళితే మా మేనకోడలు పీటర్ కథ మొదలుపెట్టి ఉంది. ఆ ముగ్గురు కొడుకుల లెక్క తప్పని తనకీ తెలుసు. తప్పుని అలాగే వాడుకుంది. మిగతా ఇద్దరూ చదువుల కోసం భూమ్మీద అమ్మమ్మగారింట్లో ఉండిపోయారట, పీటర్ ఒక్కడే అమ్మానాన్నలతో వెళ్ళాడట. ఇప్పుడు వాడు తిరిగొస్తున్నాడు. గుమ్మంలో అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు. అక్కడ ఆగిపోయింది.

"మావయ్యా, ముందు ఎవరు మాట్లాడాలి?" అని అడిగింది.

వంటింట్లోంచి మా బావ, "ముందు పిల్లాడికి అన్నం పెట్టమను" అన్నాడు.