నల్ల ఇసుక తీరంలో దూరం, కాలం, కవచం

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాలపురానికీ ఋషికుల్య సంగమానికీ నడుమ సముద్రపు ఇసుక చాలాచోట్ల నల్లగా ఉంటుంది. ఆ నలుపు ఇల్మెనైట్ అనే ఖనిజానిది. దానితో పాటు రేడియేషన్ వెలువరించే థోరియం గల మోనజైట్ రేణువులు కూడా అందులో కలిసి ఉంటాయి. ఈ తీరంలోని తెలుగు మత్స్యకారులు తరతరాలుగా ఆ ఇసుక మీదనే వలలు ఆరబెట్టుకుంటున్నారు. రేడియేషన్ నుండి కాపాడుకోవడానికి దూరం, కాలం, కవచం అనే మూడు సాధనాలున్నాయని బడిలోనే చెబుతారు గాని, వాటిలో ఏది ఎక్కడ ఎంత పనిచేస్తుందో లెక్క వేస్తే తప్ప తెలియదు.

ముందుగా రేడియేషన్ వెలువరించే ఒక చిన్న మూలాన్ని చూద్దాం. పైపుల అతుకులను పరీక్షించే ఇరిడియం-192 గుళిక ఒకటి, మీటరు దూరంలో గంటకు 5 మిల్లీసీవర్టుల మోతాదు (సీవర్టు అంటే ఒంటికి అందే రేడియేషన్‌కు కొలమానం) ఇస్తోందనుకుందాం. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, 10 మీటర్ల దగ్గర అది నూరో వంతు, అంటే గంటకు 50 మైక్రోసీవర్టులు అవుతుంది. మన దేశంలో సామాన్య ప్రజలకు, సహజ రేడియేషన్‌ను, వైద్య పరీక్షలను మినహాయించి, ఏడాదికి విధించిన పరిమితి 1 మిల్లీసీవర్టు; అక్కడ నిలబడితే అది 20 గంటల్లో నిండిపోతుంది. సుమారు 5 మిల్లీమీటర్ల సీసం ఈ గుళిక నుండి వచ్చే గామా కిరణాలను సగానికి తగ్గిస్తుంది కాబట్టి, 25 మిల్లీమీటర్ల పలక అడ్డుపెడితే ఐదుసార్లు సగమై 32వ వంతు, అంటే గంటకు 1.6 మైక్రోసీవర్టులు మాత్రమే మిగులుతుంది.

ఇదే లెక్క వెనక్కి తిరిగితే భయంకరంగా ఉంటుంది. మీటరు నుండి సెంటీమీటరుకు దగ్గరైతే మోతాదు 10,000 రెట్లు పెరుగుతుంది. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం చేరినప్పుడు ఒకరు ప్రాణాలు కోల్పోవడానికి, చిన్న ముక్కను పర్సులో పెట్టుకున్న మనిషి తీవ్రంగా గాయపడడానికి కారణం ఈ సామీప్యమే. తుక్కులో బరువైన, గుర్తు తెలియని లోహపు ముక్క కనిపిస్తే చేత్తో తాకకుండా దూరంగా జరిగిపోవాలని మన ఊళ్లలో ప్రతి ఒక్కరికీ చెప్పవలసిన అవసరం ఉంది.

ఇసుక తీరంలో మాత్రం దూరానికి ఆ బలం లేదు. మూలం ఒక బిందువు కాదు, కనుచూపు మేర పరుచుకున్న నేల. కూర్చున్న మనిషి లేచి నిలబడితే కాళ్ల కింది రేణువులు కొంత దూరమవుతాయి గాని, దూరపు రేణువుల నుండి వచ్చే కిరణాల వాటా పెరిగి ఆ తగ్గుదలను చాలావరకు పూడుస్తుంది. పది అడుగులు పక్కకు వేసినా పాదాల కింద అదే ఇసుక.

కాబట్టి ఇక్కడ లెక్కంతా కాలానిదే. ఇదే ప్రాంతంలోని ఛత్రపురం తీరంలో కొలిచిన గామా మోతాదు గంటకు సుమారు 0.4 నుండి 5 మైక్రోగ్రేల వరకు, సగటున 1.9గా ఉంది. గాలిలో కొలిచిన గ్రేలను ఒంటికి అందే సీవర్టులుగా మార్చడానికి దానిని 0.7తో గుణించి, ఏడాదిలో ఐదో వంతు, అంటే 1,752 గంటలు ఆరుబయట గడుస్తాయనుకుంటే, 2.3 మిల్లీసీవర్టులు వస్తుంది. వలలు బాగుచేస్తూ రోజుకు ఎనిమిది గంటలు ఒడ్డునే ఉండే మనిషికైతే అది 3.9 అవుతుంది. ప్రపంచంలో మనిషికి అన్ని సహజ మూలాల నుండీ కలిపి ఏడాదికి అందే సగటు 2.4 మిల్లీసీవర్టులు. ఇలాంటి ఇసుకే ఉన్న కేరళలోని కరునాగపల్లిలో ఏళ్ల తరబడి జరిపిన పరిశీలనలో క్యాన్సర్లు అధికమైనట్టు తేలలేదు గనుక, భయపడి ఊరు విడవవలసిన పని లేదు.

అదే మనిషి వేటకు వెళితే, పడవ కింది లోతైన నీరే కవచమై ఇసుక కిరణాలను ఆపేస్తుంది. ఇంట్లో మందపాటి కాంక్రీటు నేల కూడా ఆ పని చేస్తుంది, ఆ కాంక్రీటులో ఈ నల్ల ఇసుకనే కలపకపోతే.

ఈ లెక్కలన్నీ ఒంటి బయట ఉన్న మూలానికే వర్తిస్తాయి. మోనజైట్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే దూరం సున్నా అవుతుంది, కవచానికి తావుండదు, ఆ ధూళి లోపల నిలిచి ఉన్నంత కాలమూ మోతాదు అందుతూనే ఉంటుంది. పొడి ఖనిజాన్ని వేరుచేసే చోట పనివారికి మాస్కు, ధూళిని పీల్చివేసే ఏర్పాటు, భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం సీసపు పలక కన్నా ముఖ్యమైనవి.