ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం, ఎంతసేపు?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో మీరడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నా. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేటప్పుడు తక్కువ గంటలు, ఇటు వచ్చేటప్పుడు ఎక్కువ గంటలు ఎందుకు పడతాయని కదా మీ సందేహం.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడ మీద మ్యాపు పక్కనపెట్టి గ్లోబు తీసుకోండి. దారం ఒక కొస ఢిల్లీ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం పసిఫిక్ మీదుగా అడ్డంగా పోదు. సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. అదే దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు.

విమానాలు మాత్రం ఎప్పుడూ ఆ దారం వెంటే పోవు. నాకు బాగా నచ్చిన విషయం ఇక్కడే ఉంది. 2015 చివర్లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి మీ ఊరికి నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు అది పడమటికి, యూరప్, అట్లాంటిక్‌ల మీదుగా వెళ్ళేది. దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300కి పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందే! 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందు చేరడం చూశారా!

అదంతా గాలి మహిమ. పది కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతుంటుంది. భూమధ్యరేఖ దగ్గరి వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తుంది, భూభ్రమణం తూర్పుకు మళ్ళిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరిగి గాలి ఇంకా జోరందుకుంటుంది.

లెక్క మీరే వేయండి. విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు, గాలి 100 అనుకుందాం. గాలి వెనక నుంచి తోస్తే నేల మీద లెక్కకు 1,000, ఎదురుగా కొడితే 800. దారి 14,000 కిలోమీటర్లయితే ఒక వైపు 14 గంటలు, ఇంకో వైపు పదిహేడున్నర!

బుజ్జీ, నువ్వన్నట్టు కింద భూమి తిరగడం వల్ల ఊరు దగ్గరికి రాదమ్మా. భూమితోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. నువ్వు భూమిని పట్టించుకోవడం మాత్రం మంచిదే, గాలి దిక్కు మళ్ళేది దానివల్లే కదా.

ఇంకో తమాషా. ఎండాకాలంలో ఢిల్లీలో తెల్లవారుజాము 4కి ఎక్కి పద్నాలుగున్నర గంటలు ప్రయాణించినా, మీ దగ్గర అదే తేదీ ఉదయం 6కే దిగుతారు. మన గడియారం మీకంటే పన్నెండున్నర గంటలు ముందుంటుంది మరి.

ఈసారి వచ్చేటప్పుడు సీటు ముందున్న స్క్రీన్‌లో మ్యాపు పెట్టుకోండి. గ్రౌండ్ స్పీడ్ అని, అంటే నేల మీద లెక్కకు విమానం వేగం, ఒక అంకె కనిపిస్తుంది. గంటకోసారి రాసుకోండి, తిరుగు ప్రయాణంలో కూడా. రెండూ పక్కపక్కన వేసి నాకు పంపండి.

మీ తాతయ్య