నటుడు ఎక్కడ నిలబడాలో మైకే చెప్పింది

మొన్నామధ్య విశాఖలో ఒక నాటిక చూశాను. తండ్రి వేషం వేసినాయన కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరకు నడిచి, కొడుకుతో అసలు మాట చెప్పాడు. నాలుగో వరుసలో ఉన్న నాకు ఆ మాట వినపడలేదు గానీ ఆయన చెప్పుల చప్పుడు మాత్రం స్పీకర్లలో టకటకా మోగింది. బయటికొచ్చాక అందరూ మైకు ఆపరేటర్‌నే తిట్టారు. నాకు బాధేసింది, ఎందుకంటే ఈ ఇబ్బంది ఆయనతో మొదలైంది కాదు.

నాట్యశాస్త్రం మధ్యరకం నాటకశాలకి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చాలంది. అంతకన్నా పెద్దదైతే మాట సరిగ్గా వినపడదని కారణం కూడా చెప్పింది. అంటే గొంతు ఎంత దూరం పోతుందో చూసుకుని హాలు కట్టమని. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడూ గొంతే ఆధారం, అప్పటికి సభల్లో వాడే లౌడ్‌స్పీకర్లు రాలేదు. శబ్దాన్ని పెంచడానికి పనికొచ్చిన ట్రయోడ్ వాల్వు 1906లో వచ్చింది, ఇప్పటికీ మనం వాడే రకం కాయిల్ స్పీకరు 1925లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్ల చేతిలో ఒక రూపానికి వచ్చింది.

మన దగ్గర మైకుసెట్టు అంటే చాలామందికి ఆహూజానే. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అది. చెట్టుకో వాసానికో హారన్లు కట్టి, స్టేజీ ముందు ఒక స్టాండు మైకు పెడితే ఊరంతటికీ పద్యం వినపడేది. ఇది చిన్న మేలు కాదు, వెనక నిలబడ్డ కూలి మనిషికి కూడా రాగం అందింది. కానీ దాంతోపాటే నటన మారిపోయింది. పడక సీనులో కృష్ణుడైనా మంచం దిగి మైకు దగ్గరకు రావాలి, ఆయన పద్యం అయ్యేదాకా అర్జునుడు పక్కన ఆగాలి, తర్వాత అర్జునుడు ముందుకు రావాలి. పద్యనాటకంలో పద్యమే ప్రాణం కాబట్టి జనం దాన్ని పట్టించుకోలేదు, వన్స్‌మోర్లు కొట్టారు.

సాంఘిక నాటకానికి మాత్రం ఇది కుదరదు. ఇంట్లో మనుషులు వరసగా వచ్చి మైకు ముందు మాట్లాడరు కదా! అందుకే పైనుంచి వేలాడే మైకులు, స్టేజీ అంచున నేల మీద పెట్టే మైకులు వచ్చాయి. చిక్కు ఎక్కడంటే, నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే అందే శబ్దశక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. సరే అని వాల్యూం పెంచితే స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరి, తిరిగి పెద్దదై, కూత పెడుతుంది. ఆ కూత భయంతో ఆపరేటర్ వాల్యూం తగ్గిస్తాడు. మాట పోతుంది, నేల మైకుకి దగ్గరున్న చెప్పుల చప్పుడు మిగులుతుంది.

కాలర్ మైకులతో తీరుతుందా అంటే, కొంతవరకే. విశాఖ ఉక్కపోతలో మేకప్ మీద చెమట కారి మైకులోకి దిగితే గొంతు బొంగురుగా వస్తుంది, పట్టుచీరా నగలూ రాసుకుంటే గరగర. పైగా పోటీల్లో ఒకే సాయంత్రం రెండు మూడు నాటికలుంటే అందరికీ అన్ని మైకులు ఎవరు తెస్తారు, ఒక జట్టు దిగి ఇంకో జట్టు ఎక్కేలోపు ఎవరు సరిచూస్తారు?

ఆరుబయటకి పోదామంటే 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, ప్రభుత్వం అనుమతిస్తే 12 దాకా సడలింపు. మూసిన ఆడిటోరియంకి ఈ నిషేధం లేదు కాబట్టి తెల్లవార్లూ నాటకం ఆడాలంటే హాల్లోకే రావాలి.

ఆ రాత్రి సామాను సర్దుకుంటున్న ఆపరేటర్‌ని అడిగాను, తండ్రి కిటికీ దగ్గరకు వెళ్తాడని మీకు ముందే తెలుసా అని. స్క్రిప్టు ఎవరూ ఇవ్వలేదండీ అన్నాడు.