నివురు కప్పేదాకా ఆగాలి

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, ఉద్దానంలో ఒక ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, పెరట్లో ఎప్పుడూ ఒక మూల చిప్పల కుప్ప. మా అక్క కాన్పుకి వచ్చినప్పుడు, సాయంత్రం బిడ్డకి నీళ్ళు పోశాక సాంబ్రాణి వెయ్యడానికి మా మామ్మ ఆ కుప్పలోంచి రెండు చిప్పలు తీసి పెరట్లోనే కాల్చేది. మంట లేచినంతసేపూ వాటి జోలికి వెళ్ళేది కాదు. మంట తగ్గి, పొగ పోయి, ముక్కలు కణకణలాడి, వాటి మీద తెల్లటి నివురు పట్టాక అప్పుడు పట్టకారుతో ధూపం పళ్ళెంలోకి తీసేది. "నల్లటి మచ్చుంటే లోపలికి తేకూడదురా, బిడ్డకి తల నొప్పెడతాది" అనేది. లోపలికి తెచ్చాక కూడా తలుపు ఓరగా తెరిచే ఉంచేది.

ఆ రెండు జాగ్రత్తల్లో ఎంత కెమిస్ట్రీ ఉందో నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఒక హుక్కా వల్ల తెలిసింది.

గల్ఫ్‌లో పనిచేసే మా బావ ఒకసారి సెలవుకి వస్తూ హుక్కా తెచ్చాడు. రాత్రి, బయట హోరున వాన, కరెంటు లేదు, జల్లు కొడుతోందని కిటికీలు కూడా వేసేసి ఆరుగురం ఒక గదిలో కూర్చున్నాం. అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకునే రకం బొగ్గు బిళ్ళలు అవి. చిటపటమని రవ్వలు ఎగిరాయి, అంచులు ఎర్రబడ్డాయి, మధ్యలో మాత్రం నలుపే. "ఏటి బావా, ఇంకా నల్లగానే ఉన్నాయి కదా" అంటే "ఏటవదులే, లాగితే అవే రాజుకుంటాయి" అని హుక్కా పైన పొగాకు ఉండే చిలుం మీద పెట్టేశాడు. గంట తిరక్కుండా ఇద్దరికి వాంతులు, అందరికీ కణతలు పగిలిపోయేంత తలనొప్పి. రాత్రి తిన్న చేపల పులుసు మీదకి నెట్టేశాం. తర్వాత నింపాదిగా ఆలోచిస్తే, పులుసు ముట్టని వాడికీ తలనొప్పి వచ్చింది, పులుసు అందరికంటే ఎక్కువ తిని ఫోన్ మాట్లాడుతూ అరుగు మీదే ఉండిపోయినవాడికి ఏమీ కాలేదు. తేడా పులుసులో లేదు, గదిలో ఉంది.

హుక్కా మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచిది కాదు. కానీ తాగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళంతా ఏ ఫ్లేవర్, ఏ గొట్టం అని మాట్లాడతారు గానీ పైన కూర్చున్న బొగ్గు గురించి ఎవరూ మాట్లాడరు. అసలు సంగతంతా ఆ బొగ్గులోనే ఉంది.

బొగ్గంటే సగం కాలిన కట్టె అనుకుంటాం. నిజానికి అది కాలనివ్వకుండా వేడిచేసిన కట్టె. గాలి అందకుండా మట్టి కప్పిన బట్టీలోనో డ్రమ్ములోనో కట్టెని కాకపెడితే ముందు తడి పోతుంది, రెండు వందల డిగ్రీలు దాటాక కట్టె లోపలి పదార్థాలు విడిపోవడం మొదలవుతుంది, ఆవిరి, తారు, మండే వాయువులు పొగగా బయటికి పోతాయి. నాలుగైదు వందల డిగ్రీలకి వచ్చేసరికి మిగిలేది ముప్పావు వంతుకి పైగా కార్బన్. మనం చూసే మంట ఎప్పుడూ ఆ వాయువులదే, కట్టెది కాదు. అవి ముందే పోయాయి కాబట్టే మంచి బొగ్గు పెద్దగా మంట లేకుండా, పొగ లేకుండా నిప్పుగా మాత్రమే ఉంటుంది. బట్టీని తొందరపడి తెరిస్తే ఆ తారు కొంత బొగ్గులోనే ఉండిపోతుంది, తర్వాత మన ఇంట్లో, మన ముక్కు ముందు బయటికొస్తుంది.

అన్ని బొగ్గులూ ఒకటి కావు. మా వైపు ఇస్త్రీ పెట్టెల్లోకి తుమ్మ బొగ్గు, సరుగుడు బొగ్గు వాడతారు, చింత బొగ్గు కూడా గట్టిదే. హుక్కాకి మాత్రం ప్రపంచమంతా కొబ్బరి చిప్ప బొగ్గునే మెచ్చుకుంటారు. చిప్పని చేత్తో విరగ్గొట్టి చూడండి, ఎంత బిగువుగా, రాయిలా ఉంటుందో. కట్టెకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం అందులో బాగా ఎక్కువ, కాల్చాక కార్బన్‌గా మిగిలేది ఎక్కువగా దాన్నుంచే. అందుకే చిప్ప బొగ్గు చిన్న ముక్కైనా బరువుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది, కిలోకి ఏడు వేల కిలోకేలరీల దాకా వేడి ఇస్తుంది, ఎండు కట్టె ఇచ్చేది నాలుగు వేల చిల్లరే. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులు పీల్చేసే ముసుగుల్లోకి ఏ బొగ్గు బాగుంటుందని వెతికితే కొబ్బరి చిప్ప బొగ్గే ముందు నిలిచింది, అది చాలక 1918లో అమెరికాలో జనం దగ్గర పీచ్ పళ్ళ టెంకలు కూడా పోగుచేశారు. మన పెరట్లో కుప్పగా పడుండే వస్తువు అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరిచెట్లని నేలకూల్చిన తర్వాత చిప్ప విలువ ఏమిటో మా ఊళ్ళో అందరికీ తెలిసొచ్చింది.

హుక్కా కోసం అమ్మే చతురపు ముక్కలు ఇదే బొగ్గుని పొడిచేసి, కర్రపెండలం పిండి జిగురుతో కలిపి, అచ్చులో నొక్కి ఆరబెట్టినవి. ఎక్కువగా ఇండోనేషియా నుంచి వస్తాయి. ఇరవై అయిదు మిల్లీమీటర్ల రకం కిలోకి 72, ఇరవై ఆరుదైతే 64 తూగుతాయి. డబ్బా మీద ఏం రాసినా సరే, నేను చూసేవి వేరే. ముక్క చేతికి బరువుగా తగలాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి తాకిస్తే పింగాణీ తాకినట్టు ఖణేల్‌మనాలి, మొద్దుగా 'టప్' మంటే లోపల తడో, సరిగ్గా కాలని కట్టో ఉన్నట్టు. వాసన చూస్తే ఏ వాసనా రాకూడదు. కాలాక మిగిలే బూడిద తక్కువగా, తెల్లగానో లేత బూడిద రంగులోనో ఉండాలి, గోధుమ రంగులో బండెడు బూడిద పడిందంటే మట్టో ఇసుకో కలిసిందని నేను అనుమానిస్తాను.

ఇంకో పరీక్ష నాకు భలే ఇష్టం. మల్టీమీటరు రెండు కొనలూ ఒక బొగ్గు ముక్కకి తగిలించి చూడండి. నాలుగు వందల డిగ్రీల దగ్గర ఆపేసిన బొగ్గులో కరెంటు దాదాపు పారదు. ఏడెనిమిది వందలు దాటేదాకా కాల్చిన బొగ్గులో పారుతుంది, ఎందుకంటే ఆ వేడికి కార్బన్ పరమాణువులు గ్రాఫైట్‌లో లాగా రేకులు రేకులుగా సర్దుకోవడం మొదలెడతాయి. పెన్సిల్ ములుకులో కరెంటు పారేది కూడా ఇలాగే. ఇది బట్టీలో కాల్చిన బొగ్గు ముక్కలకి చేసే పరీక్ష, పిండి కలిపి అచ్చుపోసిన ముక్కలకి అంత నమ్మకంగా పనిచెయ్యదు.

అగ్గిపుల్లకే అంటుకునే బిళ్ళల్లో సామాన్యంగా ఉండేది సూరేకారం, అంటే పొటాషియం నైట్రేట్. పాతకాలపు తుపాకిమందులో నూటికి డెబ్బై అయిదు వంతులు ఉండేది అదే. గాలి కోసం ఆగకుండా బొగ్గుకి ఆక్సిజన్‌ని తనే అందిస్తుంది, అందుకే ఆ చిటపటలు, ఆ ఘాటు. పైన జరజరా పాకేసరికి బొగ్గు మొత్తం రాజుకుందని మనం మోసపోతాం. కిరసనాయిలు పోసి వెలిగించేవాళ్ళనీ చూశాను, అది మరీ దారుణం. బొగ్గు నిండా కంటికి కనపడని చిల్లులే. పోసిన నూనె వాటిలోకి దిగి గంటసేపు మెల్లమెల్లగా ఆవిరై పొగతో కలిసి గొంతులోకి వెళ్తుంది. పలాస వైపు ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట: జీడి తొక్కలు చవగ్గా దొరుకుతాయని వాటి బొగ్గు జోలికి వెళ్ళొద్దు. జీడి తొక్కలో ఉండే నూనె ఒలిచేవాళ్ళ వేళ్ళనే కాల్చేస్తుంది, దాని పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక వెలిగించడం. కాయిల్ ఉన్న కరెంటు పొయ్యి అన్నిటికంటే నయం. గ్యాసు పొయ్యి అయితే బొగ్గు నలుసులు బర్నర్ చిల్లుల్లో పడకుండా కింద జల్లెడలాంటి గిన్నె ఉండాలి. అద్దం పలక ఉన్న ఇండక్షన్ పొయ్యి దీనికి పనికిరాదు. పొయ్యి ఇంటి బయట, లేదా గాలి బాగా ఆడే చోట పెట్టండి. నాలుగైదు నిమిషాలు ఒక వైపు, తిరగేసి ఇంకో నాలుగైదు నిమిషాలు, పక్కలు కూడా. ముందు సన్నగా పొగ, పిండి మాడిన వాసన వస్తాయి, అది జిగురు. తర్వాత మూలలు మందంగా ఎర్రబడతాయి, అక్కడ వేడి ఆరేడు వందల డిగ్రీలు. నారింజ రంగుకి వచ్చిందంటే తొమ్మిది వందలు దాటినట్టే. చాలామంది ఇక్కడే తొందరపడి తీసేస్తారు. ఎరుపు మధ్యలోకి పాకి, ఆరు వైపులా ఎక్కడా నల్లమచ్చ లేకుండా అయ్యి, సన్నటి తెల్లటి పొర పట్టేదాకా ఆగాలి. వానాకాలంలో మా తీరంలో గాలిలోని తేమంతా బొగ్గు లాగేసుకుంటుంది, అలాంటిది పొయ్యి మీద పేలి నిప్పులు మీద పడతాయి కూడా. గట్టి మూత ఉన్న డబ్బాలో దాచాలి.

నివురు గప్పిన నిప్పు అని మనవాళ్ళు పైకి కనపడని కోపం గురించి వాడే మాట ఉంది చూశారా, అది అచ్చంగా భౌతికశాస్త్రమే. నివురు కాలని ఖనిజాల పొడి. లోపలి వేడిని బయటికి పోనివ్వదు, బయటి ఆక్సిజన్‌ని లోపలికి తొందరగా రానివ్వదు, అందుకే దాని కింద నిప్పు గంటసేపు నెమ్మదిగా బతుకుతుంది. పట్టకారుతో తట్టి నివురు రాల్చగానే ముక్క భగ్గున ఎర్రబడటం చూసే ఉంటారు.

ఇంత జాగ్రత్తగా ఎంచి, ఇంత ఓపిగ్గా వెలిగించాక కూడా ఒకటి మిగిలిపోతుంది, నేను చెప్పాలనుకున్నది అదే. బాగా రాజుకున్న బొగ్గుల మీద చీకట్లో సన్నటి నీలి మంట ఆడుతుంది, కుంపటి ముందు కూర్చున్న ఎవరైనా చూసే ఉంటారు. అది కార్బన్ మోనాక్సైడ్ మండటం. బొగ్గు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అది ఎర్రటి బొగ్గుని దాటుకుంటూ పోయేటప్పుడు ఇంకో కార్బన్ పరమాణువుని లాక్కుని రెండు మోనాక్సైడ్‌లుగా మారుతుంది. బయట ఉంటే అందులో కొంత నీలి మంటగా కాలిపోతుంది. హుక్కాలో గొట్టం లాగిన ప్రతిసారీ అది కాలేలోపే కిందికి, నీళ్ళలోకి, మన ఊపిరిలోకి వచ్చేస్తుంది. హుక్కా పొగలో ఉండే మోనాక్సైడ్‌లో సుమారు 90 శాతం పొగాకుది కాదు, బొగ్గుది. నీళ్ళు వడపోస్తాయనుకోవడం ఉత్త భ్రమ, ఈ వాయువు నీళ్ళలో దాదాపు కరగదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది, మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. సహజమైన బొగ్గు అని డబ్బా మీద రాసుంటే తారు, సూరేకారం ఘాటు తగ్గుతాయి గానీ ఇది తగ్గదు. ఎక్కువ వేడిగా, ఎక్కువసేపు కాలే మంచి బొగ్గు దీన్ని ఎక్కువసేపే వదులుతుంది. ఒక గంట కూర్చుంటే వంద సిగరెట్లకి పైగా తాగినంత పొగ లోపలికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. చుట్టకి నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మల అంగిలి ఏమయ్యిందో చూసిన జిల్లా మనది, పొగ విషయంలో మనకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

కోవిడ్ తర్వాత ఇంటింటా ఉన్న వేలికి తగిలించే ఆక్సిమీటర్‌ని ఇక్కడ నమ్మకండి. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా దానికి ఆక్సిజన్ పట్టినట్టే కనిపిస్తుంది, మనిషి తూలిపోతున్నా 98 చూపిస్తుంది. తల బరువెక్కడం, కళ్ళు తిరగడం, వికారం మొదలైతే ముందు మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, మత్తుగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి, బొగ్గు పొగ పీల్చాడని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. శుద్ధమైన ఆక్సిజన్ పెడితే ఆ నాలుగైదు గంటలు గంటన్నర లోపుకి తగ్గుతాయి. బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, వాళ్ళకీ ఇదే మాట, అక్కడ ఉండేది పసిబిడ్డ.

అయిపోయిన బొగ్గుల్ని చాలామంది చల్లారాయనుకుని పెరట్లోకి విసిరేస్తారు. మా ఇంట్లో అలా విసిరిన ముక్క ఒకటి రాత్రంతా నివురు కింద బతికి, తెల్లవారుజామున గాలి లేచేసరికి పక్కనున్న కొబ్బరిపీచు కుప్పని అంటించింది. అప్పటినుంచి అరుగు కింద ఒక ఇనప బకెట్లో నీళ్ళు ఉంటాయి, సాంబ్రాణి నిప్పైనా, బావ హుక్కా నిప్పైనా, అందులో వేసి సుయ్‌మన్నాక చేత్తో తాకి చూసి పారబోస్తాం.